పెళ్లి ఆల్బమ్‌ల షాపులో మ్యూనిక్ సంత

"పెళ్లి ఆల్బమ్ కాదు బాబూ" అని మూడుసార్లు చెప్పాను. మూడోసారి కూడా ఆ అబ్బాయి బుద్ధిగా తలూపి, "సరే ఆంటీ, రిసెప్షన్ ఫొటోలు వేరే ఫోల్డర్లో ఉన్నాయా?" అన్నాడు.

హైదరాబాద్‌లో నారాయణగూడ వైఎంసీఏ దాటాక ఒక సందులో, ఇరుకు మెట్లెక్కి పైకి వెళ్తే ఉంటుంది ఈ ల్యాబ్. పేరు రాయడం లేదు. ఇందులో మెచ్చుకోలుతో పాటు తిట్లూ ఉన్నాయి, అదొకటి. ఓనర్ గారే "పేరు వేయకండి మేడమ్, ఇలాంటి పని ఇంకో నలుగురు పట్టుకొస్తే మా ముహూర్తాల పని ఆగిపోతుంది" అన్నారు, అదింకొకటి. కాబట్టి మన ఊళ్లో ఏ పెళ్లి ఆల్బమ్‌ల ల్యాబ్‌కైనా పెళ్లి కాని ఫొటోలు పట్టుకెళ్తే ఏమవుతుందో చెప్పే రివ్యూగా చదువుకోండి.

ముందు ఫొటోల సంగతి. నేను టెలిఫోన్స్‌లో 33 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఉండేది రామ్‌నగర్‌లో. మా అమ్మాయి పురుడుకి పోయిన ఏప్రిల్లో జర్మనీలోని మ్యూనిక్ వెళ్లాను. వీసా 90 రోజులు. మనకైతే నెల దాటకుండా పసిబిడ్డని గడప దాటించం కదా, అక్కడ ఇంటికొచ్చి చూసి వెళ్లే మంత్రసాని పదిహేనో రోజునే "బయట తిప్పండి, గాలి తగలాలి" అంది. నాకు గుండె గుభేలుమంది. మా అమ్మాయి మాత్రం నన్ను కాదని ఆవిడ మాటే విన్నది. అలా బాలింత నిద్రపోయే వేళ పిల్లని స్ట్రోలర్లో వేసుకుని తిప్పే పని నా మీద పడింది.

స్ట్రోలర్ తోసుకుంటూ తిరగాలంటే కార్లు రాని వీధి కావాలి. మెట్రో ఎక్కితే నేరుగా మరీన్‌ప్లాట్స్ అనే చౌక్‌లో దింపుతుంది. అక్కణ్ణుంచి పడమరగా కార్ల్స్‌టోర్ అనే పాత కోట గుమ్మం దాకా ఒకటే వీధి, మొదట కౌఫింగర్‌ష్ట్రాసె, ఆ తర్వాత నోయ్‌హౌసర్ ష్ట్రాసె. ఒకప్పుడు ట్రాములూ కార్లూ కిక్కిరిసి తిరిగిన దారి అది. 1972లో ఒలింపిక్స్ వస్తున్నాయని కింద రైలు వేసి, పైన నడిచేవాళ్లకి వదిలేశారు. మా అల్లుడికి ఈ విషయాలంటే ప్రాణం. కోపెన్‌హాగన్‌లో స్ట్రోయెట్ అనే వీధిని 1962లోనే ఇలా మూసేశారనీ, వ్యాపారాలు దెబ్బతింటాయని షాపులవాళ్లు గోల పెట్టారనీ, తీరా చూస్తే జనం ఇంకా ఎక్కువే వచ్చారనీ భోజనాల దగ్గర చెబుతుండేవాడు. నాకు అర్థమైంది ఒక్కటే. రామ్‌నగర్ నుంచి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దాకా పసిపిల్లని బండిలో తోసుకెళ్లమనండి చూద్దాం. అక్కడ నేను ఒంటిచేత్తో తోశాను. రెండో చెయ్యి ఖాళీగా ఉండటంతో అల్లుడు తన పాత కెమెరా అందులో పెట్టాడు.

చిన్న కెమెరా, జూమ్ లేదు, కన్ను పెట్టి చూసే రంధ్రమూ లేదు. ఆటోఫోకస్ జోలికి వెళ్లొద్దన్నాడు అల్లుడు. "అత్తయ్యా, లెన్సు సందు చిన్నది చేసి ఎఫ్8 పెట్టి, ఫోకస్ రెండు మీటర్ల దగ్గర బిగించేశాను. మీకు మీటరు దూరంలో ఉన్న మనిషి నుంచి వీధి చివర్న ఉన్న మనిషి దాకా అందరూ స్పష్టంగానే పడతారు. మీరు నొక్కడమే." నిజంగానే పడ్డారు. స్ట్రోలర్ తోసే అమ్మమ్మని ఎవరూ అనుమానంగా చూడరు. మెడలో పెద్ద కెమెరా వేలాడేసుకున్న కుర్రాళ్లని కసురుకున్నవాళ్లే నన్ను చూసి, పిల్లని చూసి, నవ్వేవాళ్లు. మూడు నెలల్లో 3,100 ఫొటోలు.

అందులో దాదాపు సగం ఒకే చోటివి. మరీన్‌ప్లాట్స్ వెనక విక్టువాలియెన్‌మార్క్ట్ అని కూరగాయల సంత ఉంది. 1807లో అక్కడి రాజు ఊరి నడిబొడ్డున ఇరుకవుతోందని సంతని ఇక్కడికి మార్పించాడట. ఇప్పుడు దాదాపు 140 కొట్లు. పళ్లు, జున్ను, తేనె, పూలు, చేపలు, మధ్యలో చెస్ట్‌నట్ చెట్ల కింద బీరు తాగే బల్లలు, తెలుపూ నీలం చారల పెద్ద స్తంభం. పాతకాలపు హాస్యనటుడు కార్ల్ వాలెంటీన్ విగ్రహం ఉన్న ఫౌంటెన్ ఒకటుంది, దాని దగ్గర ఎవరో ఒకరు పూలు పెట్టి పోతుంటారు. మనిషి పోయింది 1948లో! మనకి ట్యాంక్‌బండ్ మీద ఎన్ని విగ్రహాలున్నాయి, జయంతికీ వర్ధంతికీ తప్ప ఒక్క పువ్వు చూశారా?

నేను వెళ్లేటప్పటికి ష్పార్గెల్ కాలం. తెల్లటి ఆస్పరాగస్, దూరం నుంచి చూస్తే చెక్కు తీసిన మునక్కాడల్లా ఉంటుంది. జూన్ 24 దాకా ఊరంతా అదే పిచ్చి. ఆ రోజుతో కోత ఆపేస్తారు, మళ్లీ ఏడాదికే. ఒక ముసలావిడ కొట్లో పొడుగు ముల్లంగి దొరికేది. వారానికి రెండుసార్లు సాంబారుకని ఆవిడ దగ్గరే కొనేదాన్ని. నాకు జర్మన్ రాదు, ఆవిడకి ఇంగ్లిష్ రాదు. ముల్లంగమ్మ అని పేరు పెట్టుకున్నాను. కెమెరా చూపించి, కనుబొమలెగరేసి అడిగితే, ఊ అన్నట్టు గడ్డం ఎగరేసింది. ఆవిడవే 40 ఫొటోలుంటాయి.

ఫోన్లో పడి ఉంటే ఎవరు చూస్తారు, పిల్ల పెద్దయ్యాక చూసుకుంటుంది, పుస్తకం చేయిద్దామనుకున్నాను. జులై మొదటి వారంలో తిరిగొచ్చాను. సరిగ్గా ఆషాఢం. ఇది గుర్తుపెట్టుకోండి, ఈ రివ్యూ మొత్తంలో పనికొచ్చే మాట ఇదే కావచ్చు. ఆల్బమ్‌ల ల్యాబ్‌కి ఆషాఢంలో వెళ్లాలి. పెళ్లిళ్లుండవు, మిషన్లు ఖాళీ, ఓనర్ గారు టీ తెప్పించి మాట్లాడతారు, రేటు కూడా దిగుతుంది.

మొదట వాట్సాప్‌లో ఫొటోలు పంపుతానన్నాను. ఓనర్ గారు చేతులు జోడించినంత పని చేశారు. వాట్సాప్‌లో వస్తే ఫొటో చిక్కి సగమవుతుంది, పెన్‌డ్రైవ్‌లో ఒరిజినల్స్ తెమ్మన్నారు. తెచ్చాను. ఆయన లెక్క వేసి చూపించింది నాకు బాగా నచ్చింది. మా కెమెరా ఫొటో అడ్డంగా 6,000 చుక్కలు, నిలువుగా 4,000. అంగుళానికి 300 చుక్కలుంటే అచ్చు నిఖార్సుగా వస్తుంది. అంటే 20 అంగుళాల వెడల్పు దాకా ఢోకా లేదు. ఆల్బమ్ పేజీ 18 అంగుళాల వెడల్పు, 12 ఎత్తు. కెమెరా ఫొటో కొలత కూడా సరిగ్గా అదే నిష్పత్తి, ఎక్కడా కోయనక్కర్లేదు. కానీ పెళ్లి ఆల్బమ్‌లో చేసినట్టు ఒకే ఫొటోని రెండు పేజీలకీ పరిస్తే 36 అంగుళాలు సాగదీయాలి, చుక్కలు 167కి పడిపోతాయి, పైగా తలలూ కాళ్లూ ఎగిరిపోతాయి. "పేజీకి ఒక్క ఫొటో. చుట్టూ తెల్ల అంచు కూడా వద్దు" అన్నారు. ఇంత చక్కగా చెప్పిన మనిషి, ఆ మాట లోపల కంప్యూటర్ ముందు కూర్చున్న అబ్బాయికి చెప్పడం మర్చిపోయారు.

వారం తర్వాత ప్రూఫ్ చూడటానికి రమ్మన్నారు. వెళ్లాను.

మొదటి పేజీలో రెండు పావురాలు ముక్కులు కలిపి ఉన్నాయి. నేను తీసినవి కావు. వాటి కింద బంగారు రంగులో 'స్వీట్ మెమరీస్'. సరే, పోనీ అనుకున్నాను. నాలుగో పేజీలో ముల్లంగమ్మ ఉంది. ఒక్క క్షణం పోల్చుకోలేకపోయాను. డెబ్భై దాటిన మనిషికి నుదురు మీద ఒక్క గీత లేదు. కళ్ల పక్కన ఎండకి చిట్లించి చిట్లించి పడిన ముడతలు, పై పెదవి మీద నిలువు గీతలు, ఎడమ బుగ్గ మీద మచ్చ, అన్నీ పోయాయి. చెంపలకి గులాబీ రంగు. పట్టుచీర కట్టి పీటల మీద కూర్చోబెట్టడం ఒక్కటే తక్కువ.

"స్కిన్ స్మూత్ చేశా ఆంటీ" అన్నాడు అబ్బాయి, మెచ్చుకుంటాననుకుని.

అక్కడితో ఆగలేదు. కూరగాయల బుట్టల్లో గుచ్చిన ధర చీటీలు చెరిపేశాడు. అవి సుద్దతో, చేతిరాతతో, ఒకటిని మొనదేలిన కొడవలిలా రాసే అంకెలు. వాటికోసమే వంగి తీసిన ఫొటోలు కొన్ని ఉన్నాయి. చెత్తలా కనిపించాయట. నేల మీది సిగరెట్ పీక, నలిగిన క్యాబేజీ ఆకు, బల్ల కింద పడుకున్న కుక్క తోక, అన్నీ మాయం. మబ్బు పట్టిన రోజున తీసినదానికి నీలం ఆకాశం అతికించాడు. పైన మంచి ఎండ, కింద మనుషులకి నీడల్లేవు! వేరే ఫొటోలో పిల్లాడి మొహం సరిగ్గా మడతలో పడింది. ఆల్బమ్ పూర్తిగా విప్పుకుంటుంది, మడత కనబడదని చెబుతారు గానీ, ముక్కు మీదుగా గీత పడితే కనబడకుండా ఎలా ఉంటుంది?

కోపం రాలేదనను. కానీ ఆ అబ్బాయిని ఏమనగలం? రోజుకి పన్నెండు గంటలు పెళ్లికూతుళ్ల మొటిమలు తుడవడమే వాడి ఉద్యోగం. మొటిమ వదిలేస్తే అమ్మాయి తరఫువాళ్లు వచ్చి రచ్చ చేస్తారు. స్టేజీ వెనక చెత్తబుట్ట కనబడితే తిట్లు. వాడి చేతికి చెరపడం అలవాటైపోయింది. సంతలో అయితే ఆ చెరిపేసేవే సరుకు. ఇంకో కుర్చీ లాక్కుని వాడి పక్కన కూర్చున్నాను. రెండు మధ్యాహ్నాలు. ప్రతి ఫొటో ఒరిజినల్ తెప్పించి పక్కన పెట్టించాను. "ఇది ఉంచు నాన్నా, ఇదీ ఉంచు." వాడికి మొదట ఏమీ అర్థం కాలేదు. రెండో రోజు సాయంత్రానికి వాడే, "ఆంటీ, ఈ క్యాబేజీ ఆకు ఉండాలి కదా?" అని అడగడం మొదలుపెట్టాడు.

అసలు సంగతి ఆ రెండో రోజే జరిగింది. అప్పటికి నేను ఏరుకున్న ఫొటోలు 180. ఓనర్ గారు వెనక నిలబడి, మౌస్ తీసుకుని, గబగబా జరుపుతూ పోయారు. ఏం మాట్లాడలేదు. చివరికొచ్చాక, "మేడమ్, ఇందులో కొనేవాళ్ల చేతులేవీ?" అన్నారు.

నాకర్థం కాలేదు.

"పెళ్లి ఆల్బమ్ అంటే మొహాలనుకుంటారు. మాకు తెలుసు, చేతులే. జీలకర్ర బెల్లం పెట్టే చేతులు, తలంబ్రాలు పోసే చేతులు, కాళ్లు కడిగే చేతులు, అరుంధతిని చూపించే వేలు. చేతులు పడని ఆల్బమ్ తిరగ్గొడతారు. మీ కూరగాయల ఫొటోల్లో అమ్మేవాళ్ల చేతులే ఉన్నాయి. కొనేవాళ్లు జేబుల్లో పెట్టుకుని నిలబడ్డారు. ఏంటి, చలా?"

చలి కాదు. అక్కడ ముట్టుకోనివ్వరు. వెళ్లిన కొత్తలో నేను అలవాటు కొద్దీ ఒక బీన్స్ కాయ తీసి విరిచాను, లేతదా ముదురుదా అని. టప్పుమని చప్పుడైంది. కొట్టావిడ నన్ను చూసిన చూపు, మా ఆఫీసులో రాంగ్ నంబర్ కలిపినప్పుడు సూపర్‌వైజర్ చూసిన చూపు ఒక్కటే. చాలా కొట్ల దగ్గర 'దయచేసి ముట్టుకోకండి' అని చీటీ ఉంటుందని తర్వాత అమ్మాయి చదివి చెప్పింది. మనం వేలు చూపాలి, ఎన్నో చెప్పాలి, వాళ్లు ఏరి, కాగితపు సంచిలో వేసి, ఇస్తారు. మూడు నెలలు అలాగే కొన్నాను, 1,500 ఫొటోలు తీశాను, కానీ కొనేవాళ్ల చేతులు బుట్టలో లేవన్న సంగతి నా కంటికి తట్టలేదు. సికింద్రాబాద్ మోండా మార్కెట్ పక్కనే ఉన్న పుట్టింట్లో పెరిగినదాన్ని. బెండకాయ తోక విరవకుండా, వంకాయ తొడిమ చూడకుండా, కొబ్బరికాయ చెవి దగ్గర ఊపకుండా కొన్న రోజు నా జన్మలో లేదు.

ఓనర్ గారు మళ్లీ వెనక్కి జరుపుతూ పోయారు. "ఇదిగో ఇక్కడున్నాయి చేతులు." అది వియన్నా. జూన్‌లో రెండు రోజులకి వెళ్లాం, రైల్లో నాలుగు గంటలు. నాష్‌మార్క్ట్ అని ఒకటిన్నర కిలోమీటరు పొడవున్న సంత, కప్పేసిన నది మీద ఉంటుంది. అక్కడి కొట్లవాళ్లు ఆలివ్ కాయో, పకోడీ లాంటి ఫలాఫెల్ ముక్కో పుల్లకి గుచ్చి దారినపోయేవాళ్ల మొహం ముందుకు చాస్తారు. తిన్నవాళ్లు మొహమాటానికి కొంటారు. అక్కడ అమ్మే చెయ్యీ కొనే చెయ్యీ మధ్యలో కలుస్తాయి. ఆ చివర శనివారాల్లో పాతసామాన్ల బజారు, 1977 నుంచి జరుగుతోందట. అచ్చం మన జుమేరాత్ బజారే. నేల మీద దుప్పటి, దాని మీద తలుపు పిడులు, రేకు డబ్బాలు, ఎవరివో పెళ్లి ఫొటోలు, చెవి లేని కప్పులు. అక్కడ ముట్టుకోవద్దనేవాడు లేడు. ఒకాయన కళ్లజోళ్ల కుప్ప ముందు కూర్చుని ఒకటి తర్వాత ఒకటి పెట్టుకుని, తన అరచేతి గీతలు చదివి పరీక్షించుకుంటున్నాడు. ఆ ఫొటో నేను 180లో పెట్టుకున్నాను గానీ, ఎందుకు బాగుందో ఆ రోజు దాకా నాకే తెలియదు.

ఆ తర్వాత ఆయనే ఏరారు. 180లో 64 మిగిలాయి. సాల్జ్‌బర్గ్ అనే ఊళ్లో సంగీతకారుడు మోజార్ట్ పుట్టిన వీధి గెట్రైడెగాసె ఉంది కదా, కొట్ల మీద ఇనుప తీగల బోర్డులు భలే ఉంటాయని 30 తీశాను. ముప్ఫై తీసేశారు. "బోర్డులు బాగున్నాయి. మనుషులేరి?" అన్నారు. నాకు ప్రాణం గిలగిలలాడింది. ఒక్కటైనా ఉంచమంటే ఉంచలేదు. ఇంటికొచ్చి తలచుకుంటే నిజమేననిపించింది. అవి పోస్టుకార్డు మీద నా కంటే బాగా వస్తాయి.

వరస కూడా చేతుల వరసే పెట్టారు. ముల్లంగి కట్ట అందిస్తున్న చెయ్యితో మొదలు. దాని పక్క పేజీలో కాగితపు సంచి మూతి మడుస్తున్న వేళ్లు. వీధుల్లోకి వచ్చేసరికి ఐస్‌క్రీము పట్టుకున్నవి, సంచులు మోసేవి, నోయ్‌హౌసర్ ష్ట్రాసెలో సాయంత్రం ఏడింటికి ఎదురెండలో కళ్లకి అడ్డం పెట్టుకున్నవి. జూన్‌లో అక్కడ తొమ్మిది దాటాక గాని పొద్దు గుంకదు. కార్ల్స్‌టోర్ వైపు నుంచి ఎండ వీధి పొడవునా పాకుతూ వస్తుంది, మనిషి కంటే మనిషి నీడ దాదాపు మూడు రెట్లు. మధ్య పేజీల్లో మరీన్‌ప్లాట్స్. అక్కడ మున్సిపల్ ఆఫీసు గోపురం మీద ఆడే బొమ్మల గడియారం ఉంది. పొద్దున పదకొండింటికి గంటలు మోగగానే చౌక్ అంతా తల పైకెత్తి, నోరు తెరిచి, వేలు చూపిస్తుంది. అందరూ గడియారాన్ని తీస్తుంటారు, నేను స్ట్రోలర్ని అటు తిప్పి అందరినీ తీశాను. ఒక తండ్రి భుజాల మీద కూర్చున్న పిల్ల చూపుడువేలు, ఆయన భార్య వేలు, పక్కన జపాన్ ఆవిడ వేలు, మూడూ ఒకే చోటికి.

"అరుంధతీ దర్శనం" అన్నారు ఓనర్ గారు.

ఆ పైన ఆడే బొమ్మలు ఏంటో తెలుసా అని అడిగాను. 1568లో అక్కడి యువరాజు పెళ్లి ఊరేగింపు. ఆయన పగలబడి నవ్వి లోపలున్న అబ్బాయిని పిలిచి మరీ చెప్పారు, "విన్నావా, చివరికి పెళ్లి ఆల్బమే."

ఇక అచ్చు. ఇందులో వంక పెట్టడానికి లేదు. మొదటి ప్రూఫ్ షీటు నాకు చీకటిగా కనిపించింది. తప్పు షీటుది కాదట. నేను ఫోన్‌ని ఫుల్ బ్రైట్‌నెస్‌లో పెట్టి చూసే రకం. "ఫోన్లో వెలుగు వెనక నుంచి కొడుతుంది మేడమ్, కాగితానికి ఎదురు నుంచి పడాలి" అని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూపించారు. అయినా నీడలున్న ఫొటోలు కాస్త లేపి ఇచ్చారు. కాగితం విషయంలో మాత్రం ఒక్కరోజు వాదన. నాకు మ్యాట్ ఇష్టం, ట్యూబ్‌లైటు మెరవదు. ఆయన గ్లాసీ అన్నారు. ఎదురెండ ఫొటోల్లో నలుపు మ్యాట్ మీద బూడిదలా వస్తుంది, గ్లాసీ మీదే కాటుకలా ఉంటుంది. ఒక ఫొటో రెండింటి మీదా వేసి చూపించేసరికి నోరు మూసుకున్నాను. ఇప్పుడు రాత్రిపూట చూడాలంటే ఆల్బమ్‌ని అటూ ఇటూ వంచుకోవాల్సి వస్తోంది, అది వేరే సంగతి. షీట్లు చిరగని రకం, తడిగుడ్డతో తుడుచుకోవచ్చు. మనవరాలు నమిలినా ఏం కాదన్నారు. ఇంకా పరీక్షించలేదు.

చివర్లో నాలుగు పేజీలు ఖాళీగా ఉంచమన్నాను. చేతులు లేవని ఆయన అన్న మాట నన్ను వదల్లేదు. మర్నాడే కెమెరా పట్టుకుని మోండా మార్కెట్‌కి వెళ్లాను. అల్లుడు కెమెరా నాకే ఇచ్చేశాడు, చెప్పలేదు కదూ. అక్కడ స్ట్రోలర్ లేదు, నా అదృశ్యశక్తి పోయింది. మిరపకాయలామె "ఏ ఛానల్ అమ్మా?" అంది. పక్కనాయన "యూట్యూబా? ధరలు పెరిగినయని చెప్పు" అన్నాడు. నిమ్మకాయల పిల్లాడు ఒక కాయ నోట్లో పెట్టుకుని ఫోజిచ్చాడు. గంటసేపు ఫొటోలు మానేసి కూరగాయలు కొన్నాను. సంచి నిండాక, నన్ను మర్చిపోయాక, తీశాను. ఒకే గంపలో ఐదు చేతులు, గాజులున్నవి, లేనివి, ఒకదాని మీద ఇంకా పండని గోరింటాకు. అన్నీ బెండకాయల తోకలు విరుస్తున్నాయి. ఎవరి మొహాలూ లేవు. ఆల్బమ్ మొత్తంలో నాకిష్టమైన పేజీ అది. ఎఫ్8, రెండు మీటర్లు, అదే లెక్క.

ఇప్పుడు తిట్లు. పదిహేను రోజుల్లో ఇస్తామన్నది ఆరు వారాలు పట్టింది. శ్రావణం రాగానే నేనెవరో వాళ్లకి తెలియకుండా పోయింది. ఫోన్ చేస్తే "బైండింగ్‌లో ఉంది మేడమ్". నాలుగుసార్లు బైండింగ్‌లోనే ఉంది. ఒకరోజు చెప్పకుండా వెళ్తే, షీట్లు ఇంకా కట్ కూడా కాలేదు. ఓనర్ గారు మొహం చాటేశారు, టీ లేదు. అట్ట మీద విక్టువాలియెన్‌మార్క్ట్ అని వేయమంటే ఒక అక్షరం మింగేశారు. మళ్లీ చేయిస్తే ఇంకో రెండు వారాలంటే భయపడి వదిలేశాను. పెట్టె అయితే మరీను. పైన వినాయకుడు, రెండు పూలదండలు, 'శుభమస్తు'. వేరే పెట్టె లేదన్నారు. చుట్టాలెవరు చూసినా "ఎవరి పెళ్లి?" అంటున్నారు, తెరిస్తే ముల్లంగి.

ఇంకో చిన్న గొడవ. వాళ్లకి ఆ మూడు వేళ్ల ఫొటో నచ్చి, పెద్దది చేసి షాపు గోడ మీద పెడతామన్నారు. రాజా దీన్‌దయాళ్ తీసిన పాత ఫొటో ఒకటి ఆ గోడ మీద ఉంది, 1886లోనే సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టినాయన. ఆయన పక్కన నా ఫొటో! మనసు లాగింది. కానీ వద్దన్నాను. జర్మనీలో మనిషి ఫొటోని అనుమతి లేకుండా నలుగురిలో పెట్టకూడదని 1907 నుంచి చట్టముంది. వీధినో చౌక్‌నో చూపించే ఫొటోలో పక్కన పడ్డవాళ్ల విషయంలో సడలింపు ఉంది గానీ, నా ఫొటోలో ఆ ముగ్గురే అసలు మనుషులు. దాని వెనక కథ అల్లుడు చెప్పాడు. 1898లో జర్మనీ మాజీ చాన్సలర్ బిస్మార్క్ చనిపోయిన రాత్రి ఇద్దరు ఫొటోగ్రాఫర్లు పనివాళ్లకి లంచమిచ్చి లోపలికి దూరి, శవం ఫొటో తీసి అమ్మబోయారట. ఆ గొడవ తర్వాత వచ్చిన చట్టం. హంగరీలో అయితే 2014 నుంచి తీయడానికే అనుమతి కావాలట. ఇంట్లో చూసుకునే ఆల్బమ్ వేరు, షాపు గోడ వేరు. ఓనర్ గారు "ఇక్కడ ఎవరు చూస్తారు మేడమ్" అన్నారు. నారాయణగూడలో మ్యూనిక్ నుంచి వచ్చినవాళ్ల అత్తగార్లు ఎంతమంది తిరుగుతుంటారో ఆయనకి తెలియదు. చివరికి మోండా బెండకాయల ఫొటో ఇచ్చాను. అందులో మొహాల్లేవు.

ఖర్చు: 34 షీట్లు, అట్ట, పెట్టె కలిపి 8,400 రూపాయలు. ప్రూఫ్ రెండోసారి తీసినందుకు 600. ఆ 600 నేను కట్టాలా వాళ్లు కట్టాలా అన్నది ఇప్పటికీ తేలలేదు, కట్టింది మాత్రం నేనే. బరువు ఐదున్నర కిలోలు, మెట్లు నిలువుగా ఉంటాయి, ఎవరినైనా తోడు తీసుకెళ్లండి. బండి పెట్టుకోవడానికి చోటు లేదు. అచ్చుకి ఐదుకి ఐదు. ఫొటోలు ఏరడానికి ఆరు ఇవ్వొచ్చంటే ఆరు. డిజైన్‌కి ఒకటి, మీరు పక్కన కూర్చుంటే నాలుగు. ఇచ్చిన మాటకి సున్నా.

ఆల్బమ్‌తో పాటు ముల్లంగమ్మ ఫొటో ఒకటి విడిగా, చిన్న సైజులో వేయించాను, ముడతలన్నిటితో. తెలిసినవాళ్లు మ్యూనిక్ వెళ్తుంటే ఊరగాయతో పాటు పంపాను. శనివారం మా అమ్మాయి పిల్లనెత్తుకుని వెళ్లి ఆవిడ చేతికిచ్చింది. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసిందట. డాంకె, అంటే థాంక్స్, అంది, పిల్ల చేతికి ఎర్ర ముల్లంగి ఒకటి ఇచ్చింది. తర్వాత మా అమ్మాయిని దగ్గరికి రమ్మని, ఈ కళ్ల పక్కన గీతలు కాస్త తగ్గించి ఇంకోటి వేయించడం కుదురుతుందా అని అడిగిందట.

ల్యాబ్ అబ్బాయికి ఈ సంగతి నేనింకా చెప్పలేదు.